పనామాకు చెప్పాల్సిన కబురు

మా పక్కింటి పెద్దబాపు మొన్న గురువారం పొద్దున చాయ్ తాగుతూనే కన్నుమూశారు. పర్వత్ పాటియాలో మా తెలుగు నేతగాళ్ల గల్లీ అంతా వచ్చింది. ఊరి నుంచి తమ్ముళ్లు రైలెక్కారు. ఒక్కరికి మాత్రం కబురు అందలేదు. ఒకప్పుడు పనామాలో ఆయన పనిచేసిన దుకాణం పక్కనే గుండీలు, దారాలు అమ్మే ముసలావిడ ప్రతి ఆదివారం సాయంత్రం ఆయనకు ఫోన్ చేసేది. ఆమెకు స్పానిష్ తప్ప మరో భాష రాదు. మా గల్లీలో ఆయన కాక ఆ భాష వచ్చింది నాకొక్కదానికే. చెప్పాల్సింది నేనే.

స్పానిష్ నేను ఆన్‌లైన్ క్లాసుల్లో చదివాను. సర్టిఫికెట్ చూపించి, బట్టలు ఎగుమతి చేసే ఆఫీసులో చేరాను. మొదటి వారమే మెక్సికో నుంచి మాట్లాడే కొనుగోలుదారు, "మీకు నా మీద కోపమా?" అని అడిగాడు. మేం మరమగ్గాల చప్పుడులో పెరిగినవాళ్లం, మా ఇంట్లో ఉప్పు అడిగినా కేకే. స్పానిష్‌లోనూ ఊపిరి తీసుకోకుండా అలాగే అరిచానన్నమాట. ఏడుస్తూ ఇంటికొస్తుంటే గుమ్మంలో పెద్దబాపు ఆపి సంగతి అడిగారు. పద్దెనిమిదేళ్లు పనామాలో ఒక సేఠ్ దుకాణంలో బట్టలు అమ్మి వచ్చిన మనిషి పక్కింట్లోనే ఉన్నాడని అప్పటిదాకా నాకు పట్టనే లేదు.

"సాంచెలు బందున్ననాడు కార్ఖానకు రా బిడ్డా," అన్నారు.

సెలవు రోజున ఆయన పనిచేసే కార్ఖానాలో, ఆగిన మగ్గాల మధ్య రెండు స్టూళ్లు వేసేవారు. నేను పుస్తకం తెస్తే లాక్కుని దానిమీదే కూర్చునేవారు. "నా కొడుకు పరీక్ష ఫేలయిండనుకో. జర నన్ను ఓదార్చు," అనేవారు. నేను స్పానిష్‌లో తప్పు లేని వాక్యం ఒకటి అప్పజెప్పేదాన్ని. "ఏంది గిది? బ్యాంకోళ్ల నోటీసు లెక్కున్నది!" అని విసుక్కునేవారు. అత్త మీద చాడీలు చెప్పించారు, బేరాలాడించారు, పెళ్లికి రాలేనని నొప్పించకుండా చెప్పించారు. వింటున్నంతసేపూ తెగిన పోగులు వేలికి చుట్టుకుంటూ ఉండేవారు.

"నేను మాట్లాడుతుంటే నువ్వు జవాబు తయారు చేసుకుంటున్నవ్. గిట్లయితే ఇనేదెవరు?" అని ఎన్నిసార్లు తిట్టారో. మెచ్చుకోవడం ఆయన ఒంట్లోనే లేదు. నాలుగేళ్లలో ఒక్కసారి, "ఇయ్యాల నన్ను నవ్విచ్చినవ్," అన్నారు. ఆ రోజు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఇవాళ నేను పరాయి మనిషితో మనిషిలా మాట్లాడగలుగుతున్నానంటే ఆయన చలవే.

ఆదివారం సాయంత్రం పెద్దమ్మ ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి పక్కన కూర్చుంది. మోగగానే ఎత్తాను. "ఏం ముసలోడా, తిన్నావా?" అంది నవ్వుతున్న గొంతు.

చావు కబురు చెప్పడం ఒక్కటే మేం ఎన్నడూ ఆడి చూడలేదు. నేనెవరో చెప్పాను. ఆయన లేరని చెప్పాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. బాధ పడ్డాడా? దగ్గర ఎవరున్నారు? ఏ చొక్కా తొడిగి పంపారు? అన్నిటికీ జవాబు చెప్పాను. ఎన్ని తప్పులు దొర్లాయో నాకు తెలియదు, ఆమె పట్టించుకోలేదు.

ఫోన్ పెట్టేశాక, ఆమె అన్న మాటలన్నీ పెద్దమ్మకు తెలుగులో చెప్పబోయాను. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలుగుల వద్దు బిడ్డా. ఐతారమొస్తే మీ పెద్దబాపు నోట్ల గా మాటలే ఇంటుంటి. సమజ్ కాకున్నా ఇల్లు నిండినట్టుండేది. జర గట్లనే మాట్లాడు."

"ఫోన్ అయిపోయింది పెద్దమ్మా."

"అయిపోనియ్."

నేను స్పానిష్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. పెద్దమ్మ గోడకు తలానించి, కళ్లు మూసుకుని, మధ్యమధ్యలో ఊ కొడుతోంది.