సున్నం వేయని రాళ్లు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. రెండు మాటలది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు, అందుకే చెప్పగలుగుతున్నాను. అలసిపోయాను. ముప్పై ఏళ్ల వ్యవసాయంలో ఇంత అలసట ఎప్పుడూ లేదు.

మాది తిరుమలగిరి వైపు ఒక ఊరు. యాసంగి కోతలప్పుడు మాకు కల్లాలు చాలవు. తారు రోడ్డు మీదే, సగం రోడ్డు మేర, వడ్లు ఆరబోస్తాం. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతాం. రోడ్డు అందరిదీ అని తెలియక కాదు, జాగా లేక. మసకలో కూడా కనబడాలని ఆ రాళ్లకు సున్నం వేయడం ఒక పద్ధతి. వడ్లు ఎత్తిన రోజే రాళ్లు కూడా తీసేయడం ఇంకో పద్ధతి. ఎవరూ రాసిపెట్టినవి కావు, పెద్దవాళ్లను చూసి నేర్చుకున్నవి. ఆ ఏడు నేను రెండూ తప్పాను.

సత్తయ్య మా ఊరి నేతపనివాడు. నాకన్నా చిన్నవాడు, తమ్మీ అని పిలిచేదాన్ని. నేసిన చీరలు సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని టౌన్‌లో సేటుకు ఇచ్చి, తిరిగి నూలు తెచ్చుకునేవాడు. కార్లవాళ్లు, ఆటోలవాళ్లు మా వడ్లు తొక్కుకుంటూ పోయి, పైగా మమ్మల్నే తిట్టేవాళ్లు. సత్తయ్య మాత్రం వడ్ల దగ్గరికి రాగానే సైకిల్ దిగేవాడు. ఎదురుగా బండి వస్తుంటే దానికి తోవ ఇచ్చి, తర్వాత సైకిల్‌ను నడిపించుకుంటూ పోయేవాడు. ఒక్క గింజ కూడా అతని చక్రం కింద పడలేదు. "నీ సైకిల్ నిన్ను మోస్తదా, నువ్వే దాన్ని మోస్తవా తమ్మీ?" అని నేనే ఎగతాళి చేసేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

ఆ సాయంత్రం మబ్బు కమ్మింది. మా ఆయనా నేనూ ఉరుకులు పరుగులతో వడ్లు సంచులకెత్తి ట్రాక్టర్‌లో వేయించాం. ఆయన కొనుగోలు కేంద్రానికి పోయాడు. రాళ్లు తీసే పని నాది. చినుకులు మొదలయ్యాయి. నడుము పట్టేసింది. పొద్దున తీద్దాంలే అనుకున్నాను. పది పన్నెండు రాళ్లు, పావుగంట పని. నిజంగా అంత చాతకాలేదా? లేక నా వడ్లు తడవకుండా కేంద్రానికి పోయాయి కదా, రోడ్డున పోయేవాళ్ల సంగతి నాకెందుకు అనుకున్నానా? ఇన్నేళ్లలో ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా తేల్చుకోలేకపోయాను.

తెల్లవారగానే మిగిలిన గింజలు ఊడ్చుకుందామని చీపురు, చాట పట్టుకుని పోయాను. ఒక రాయి వరస తప్పి రోడ్డు మధ్యకు దొర్లి ఉంది. పక్కన సైకిల్ గంట మూత. ఇంకొంచెం అవతల తడిసిన నూలు పోగులు.

నాకు అర్థమైంది. వడ్లు ఉండి ఉంటే సత్తయ్య దిగేవాడు. వడ్లు లేవు కనుక, రోడ్డు ఖాళీ అనుకుని ఎక్కే పోయాడు.

అప్పుడు ఊళ్లోకి పరుగెత్తి, మనిషి ఎలా ఉన్నాడని అడగాలి కదా? నేను అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. ఒక్కొక్క రాయే ఎత్తి సర్కారు తుమ్మ పొదల వెనక పడేశాను. గంట మూతను కూడా. సాయంత్రం వంగనన్న నడుము పొద్దున ఎలా వంగిందో నాకే తెలియదు.

రాత్రే ఎవరో ఆటోవాళ్లు చూసి సత్తయ్యను దవాఖానకు చేర్చారట. కుడిచేతి మణికట్టు విరిగింది. జనం పోయి చూస్తే రోడ్డు శుభ్రంగా ఉంది. రాయి లేదు, గుంత లేదు. ఖాళీ రోడ్డు మీద మనిషి ఊరికే ఎందుకు పడతాడు? కల్లు తాగి పడ్డాడన్నారు. పండుగకో పబ్బానికో తప్ప అతనికి ఆ అలవాటే లేదు. అయినా మాట సేటు దాకా పోయింది. తాగి తిరిగేవాడి చేతిలో పట్టునూలు ఎలా పెడతామన్నాడట.

నాలుగో రోజు సత్తయ్య మా ఇంటికి వచ్చాడు. చెయ్యి మెడకు వేలాడుతోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, ఆనాడు పొద్దుగాల రోడ్డు మీదికి ముందుగాల పోయింది నువ్వే గదా. జర నిజం చెప్పు. ఆడ రాయి ఉండెనా?"

"ఏ రాయి తమ్మీ? రాయేం లేకుండె."

మెడకున్న కట్టు సర్దుకున్నాడు.

"గట్లనా. మరి నాకు రాయి తగిలినట్లే అనిపిచ్చిందక్కా. ఏమో, నాకే సోయి లేకుండెనేమో. నువ్వు అబద్ధం ఎందుకు చెప్తవ్."

అనుమానించి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. నా మాట నమ్మి, తన కళ్లను నమ్మడం మానేశాడు.

కేసవుతుందని భయపడ్డాననే చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. రోడ్డు మీద వడ్లు పోస్తే కేసులు పెడతామని ఊళ్లో చాటింపు వేసిన మాట నిజమే. కానీ సత్తయ్య కేసు పెట్టే మనిషా? నాకది తెలియదా? తెలుసు. ఊళ్లో నా పేరు చెడకూడదనుకున్నాను, అంతే. నా పేరు నిలబెట్టుకుని అతని పేరు పోగొట్టాను.

మా ఆయన రాళ్లేవని అడిగితే ఎవరో ఎత్తుకుపోయారన్నాను. ఆ తర్వాతి ఏడు నుంచి మా రాళ్లకు రెండు పూతలు సున్నం వేస్తున్నాను. వడ్లు ఎత్తిన గంటలో తీసేస్తున్నాను. పక్కవాళ్లు మరిచిపోయినవి కూడా నేనే తీస్తాను. ఈమెకున్న బుద్ధి అందరికీ ఉంటే బాగుండునంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని వాళ్లకు తెలియదు. ఆ కాలిన చేతులు కూడా నావి కావు.

సత్తయ్య చెయ్యి అతికింది గానీ పట్టు రాలేదు. మగ్గం మీద పది సార్లు నాడె అటూ ఇటూ ఆడిస్తే వేళ్లు తిమ్మిరెక్కేవట. మగ్గం విప్పేశాడు. ఇప్పుడు టౌన్‌లో ఒక ఫంక్షన్ హాలు దగ్గర వాచ్‌మన్. ఇప్పటికీ సైకిల్ మీదే పోతాడు. ఆ చోటుకు రాగానే దిగుతాడు. వడ్లు ఉన్నా దిగుతాడు, లేకపోయినా దిగుతాడు. నున్నటి ఖాళీ రోడ్డు మీద, వంకర చేత్తో హ్యాండిల్ పట్టుకుని, నేల వెతుక్కుంటూ నడుస్తాడు. నేను కనబడితే "బాగున్నవా అక్కా" అంటాడు.

ఇప్పుడు చెబితే మాత్రం చెయ్యి వస్తుందా, మగ్గం వస్తుందా అనుకుంటాను. అది కూడా తప్పించుకోవడమే. అతని కళ్ల మీద అతనికి నమ్మకం రావచ్చు కదా? అది తెలిసి కూడా నోరు పెగలలేదు. రేపు పెగులుతుందని మీకు మాట ఇవ్వలేను. ఇక్కడైతే, అతను అడిగిన దానికి జవాబు రాసి పెడుతున్నాను.

ఉండె తమ్మీ. రాయి ఉండె. మాదే.