బస్టాండు గదిలో ఊయల

మొన్న కరీంనగర్‌లో సిగ్నల్ దగ్గర డీజిల్ పొగ ముక్కుకు తగిలి, చిన్నప్పుడు మేము కిరాయికి ఉన్న బస్టాండు పక్క గది గుర్తొచ్చింది. చంటి తమ్ముడు దగ్గీ దగ్గీ ఎగశ్వాస తీసేవాడు. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం; దగ్గు తగ్గాలని అవ్వ రోజూ ఊయల కింద సాంబ్రాణి పొగ వేసేది.

పొగ ఏదైనా మందే అనుకునేదాన్ని. "కిటికీల నుంచి బస్సు పొగ మస్తుగ వస్తున్నది గదా అవ్వా, మళ్ల సాంబ్రాణెందుకు?" అన్నాను.

అవ్వ నవ్వబోయి ఆగింది. నిప్పులు ఆర్పి, కిటికీ మూసి బాపుతో అంది: "గీ పోరి చెప్పేదాక నాకు సోయి లేకపాయె. జల్ది వేరే ఇల్లు సూడు. కిరాయి పైసలు పిల్లగాని పానం కన్నా ఎక్కువనా?"

ఊరి చివరకు మారాక తమ్ముడి దగ్గు తగ్గింది. మేము ఖాళీ చేసిన రోజే ఆ గదిలోకి ఇంకొకరి ఊయల వచ్చింది. అవ్వ ఆ తల్లితో, "కిటికి తెరువకు చెల్లే" అంది.

"మూస్తే గాలెట్లాడుతదక్కా?" అందామె.

అవ్వ సామాను మూట ఎత్తుకుంది.