సనాబిస్‌లో పూసలు గుచ్చిన పొద్దు

మొన్న బహ్రెయిన్‌లోని బుదైయాలో బిడ్డ ఇంట్లో ఉండగా, మనవడు బడి నుంచి వచ్చీ రాగానే సంచి సోఫాలో పడేసి, రేపు ఏడాది మొత్తంలో చిన్న పగలట, దీపాలు పెట్టి పండుగ చేసుకోవాలని టీచర్ చెప్పిందని ఒకటే గోల. నా బిడ్డ నర్సు. డ్యూటీ దిగి వచ్చిన అలసటలోనూ సరేనని నవ్వి, ఒకసారి నా వైపు చూసి ముఖం తిప్పుకుంది. ఆ పండుగ మా ఇంట్లో పాతికేళ్ల కిందటే ఒకసారి జరిగిందని వాడికేం తెలుసు.

అప్పుడు నేను ఈ బహ్రెయిన్‌లోనే ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపర్ని. మా దిక్కు గల్ఫంతా దుబాయే కదా, పెళ్లాం పిల్లలను కూడా దుబాయి తోలుకపోయిన మొనగాడినని ఊళ్లో పేరు. ఆ వైభోగం మూడేళ్లే. కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టులు మా వీసాలకు పూచీ ఉన్న కఫీల్ దగ్గర చిక్కాయి, వీసాలు అయిపోయాయి. ఉందామంటే కాగితాల్లేవు, పోదామంటే పాస్‌పోర్టుల్లేవు, ముందు నుయ్యి వెనుక గొయ్యి. సనాబిస్‌లో మూడో అంతస్తు గదిలో పిల్లలను బడి మాన్పించి కూర్చోబెట్టి, గట్టిగా మాట్లాడొద్దని, ఎవరు తలుపు కొట్టినా ఊపిరి బిగబట్టాలని నేర్పాను. కన్నతండ్రినై నేను చెప్పిన చదువు అదీ.

ఎనిమిదేళ్ల బిడ్డ తన మూడో తరగతి పుస్తకాన్నే అరిగేదాకా చదివి, ఆ చిన్న పగలు ఎప్పుడొస్తుందో కనిపెట్టింది. దానికి మా ఆవిడ, పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దు కూడా ఉండదని మా అమ్మ అనే మాట చెప్పింది. మన ఈడు వాళ్లం ఆ మాట వెయ్యిసార్లు విని ఊరుకున్నవాళ్లమే కానీ, ఏనాడైనా పూసలు గుచ్చి చూశామా? పిల్లలు నిజమనుకున్నారు. పాత చేతిసంచి పూసలన్నీ ఊడదీసి, సూర్యుడికీ తమకూ పందెమని ఆ రోజు కిటికీ కింద కూర్చున్నారు. మా ఆవిడ ఉన్న కాస్త బెల్లంతో పాయసం పెట్టింది. నెలల తర్వాత ఇంట్లో పండుగ వాసన వచ్చేసరికి నాకు ప్రాణం లేచివచ్చి, పొద్దుగూకేలోగా దండ పూర్తయితే అడిగింది ఇస్తానని మాటిచ్చాను. ఏ చాక్లెట్టో అడుగుతారనుకున్నాను. ఐదేళ్ల కొడుకు మాత్రం, సందు చివరి దుకాణం దాకా పోయొద్దాం బాపూ అన్నాడు.

ఆ వారమే ఆ సందు మొదట్లో పోలీసులు తనిఖీలు చేసి, పక్క బిల్డింగులో కాగితాల్లేని ఇద్దరిని పట్టుకుపోయారు. మా ఆవిడ గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. దండకు ఇంకా నాలుగు పూసలే గుచ్చాలి. అంతలో ఎండ ఎదుటి బిల్డింగు వెనక్కి జారింది. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది. నేను లేచి గబుక్కున పరదా లాగి, పొద్దు గూకింది బిడ్డా, సూర్యుడే గెలిచిండు అన్నాను. కొడుకు నోరు మూసుకుని ఏడ్చాడు. ఏడుపు కూడా చప్పుడు కాకుండా ఏడవడం అప్పటికే వచ్చేసింది వాడికి.

ఈ దేశంలో పొద్దు గూకాకే మసీదులో నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ వినిపిస్తుందని చిన్న పిల్లలకు కూడా ఎరుకే. అరగంట తర్వాత వెనక మసీదు నుంచి అది మొదలైంది. బిడ్డ తలెత్తి నన్ను ఒక్క చూపు చూసింది. మరుక్షణమే పూర్తికాని దండను తమ్ముడి మెడలో వేసి, చప్పట్లు కొడుతూ గొంతెత్తి పాడటం మొదలుపెట్టింది, అజాన్ ఆగిపోయేదాకా ఆపలేదు. గట్టిగా మాట్లాడితే తిట్టే నేను ఆ పూట దాన్ని పాడనిచ్చాను.

ఆ మరుసటి ఎండాకాలం కాగితాల్లేని వాళ్లకు సర్కారు క్షమాభిక్ష ప్రకటించడంతో, ఖలాస్, ఇల్లు చేరాం. చూస్తుండగానే ఏళ్లు గడిచాయి, బిడ్డ తన సొంత కాగితాలతో మళ్లీ ఇక్కడికే వచ్చింది. మొన్న సాయంత్రం మనవడు ఎవరినీ అడగకుండా తలుపు బార్లా తీసి వీధిలోకి ఉరికితే, చెప్పులు వేసుకోరా అని మాత్రమే కేకేసింది. అప్పుడు ఉండబట్టలేక, ఆ రోజు పొద్దు గూకలేదు బిడ్డా అని ఒప్పుకున్నాను.

“నాకు ఎరుకే బాపూ,” అంది. “తమ్మునికి ఇప్పటికీ చెప్పలే.”

ఇప్పటి పిల్లలకు తలుపులు తెరిచే ఉన్నాయి, సంతోషమే. ఆ చిన్న పగలు గడిచాక మాత్రం మా గదిలోని ఇద్దరు పిల్లల్లో పసివాడిగా కొడుకు ఒక్కడే మిగిలాడని నాకు మొన్నే తెలిసింది.