షోలాపూర్ దాకా సైకిల్ మీద పోయిన సారంగపాణి

సారంగపాణి షోలాపూర్ నుంచి తిరిగొచ్చిన రోజు కొత్తవాడ సగం నా సైకిల్ కొట్టు ముందే ఉంది. డెబ్బై నాలుగు, మే నెలాఖరు. ఇరవై రోజుల రైల్వే సమ్మె ముగిసి కాజీపేటలో బండ్లు మళ్లీ కూత పెట్టాయి. ఆ మరునాడే ఈయన సైకిల్ మీద దిగాడు. ముఖం మాడిపోయింది, పెదవులు పగిలాయి, చొక్కా వీపు మీద చెమట ఎండి ఉప్పు కట్టింది.

"బావా, పంక్చర్ ఎన్నిసార్లు పడ్డది?" అన్నాను. నేను అడిగిన మొదటి మాట అది.

"పదకొండు" అన్నాడు. అందరూ ముక్కున వేలేసుకున్నారు.

సారంగపాణి నాకు వరసకు బావ. ఆయన ఎందుకు పోయాడో ఆ గుంపులో నాకొక్కడికే తెలుసు. అయినా నేను అడిగింది ట్యూబు సంగతి. నా బుద్ధి అంతే, మనిషి వస్తే ముందు టైర్లు చూస్తాను.

సారంగపాణి, తమ్ముడు వెంకట్రాజం జంపఖానాలు నేసేవారు. వెడల్పాటి జంపఖానా ఒక్కడి చేతికి అందదు. ఒకే పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని చెరి సగం నేయాలి. పోగు వేసి, ఇనుప పళ్ల పంజాతో కొట్టి దిగ్గొట్టాలి. ఇద్దరి దెబ్బా ఒక్క తీరుగా పడాలి. ఒకరిది మెత్తబడితే మగ్గం మీద ఉన్నంతసేపూ కంటికి ఆనదు, కిందికి దించి పరిచినప్పుడు ఆ పక్క వదులై ముడతలు లేస్తుంది. పన్నెండేళ్లలో ఈ అన్నదమ్ముల దెబ్బలో తేడా రాలేదు. బయట నుంచి వింటే లోపల ఒక్కడే నేస్తున్నాడనుకునేవాళ్లం.

డెబ్బై రెండులో పరకాల నుంచి వచ్చిన ఒక గిరాకీ, కూతురి పెళ్లికని చేయించుకున్న జంపఖానాను వాడ నడుమ పరిపించి చూశాడు. ఒక సగం నిండా ముడతలే. "గీ పక్క ఎవలు నేసిన్రు?" అని గట్టిగా అడిగాడు. జంపఖానాకు పైవైపు, లోవైపు అని ఉండదు. దించి మడతపెట్టాక ఏ సగం ఎవరిదో నేసినవాడు కూడా చెప్పలేడు. సారంగపాణి మాత్రం చెప్పగలడు. నెల రోజులుగా ఆయన కుడి భుజం పట్టేసి ఉంది, దెబ్బ సరిగా పడటం లేదని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో పరువు పోతుందనుకున్నాడో ఏమో, "తమ్మునిది" అన్నాడు.

వెంకట్రాజం ఒక్క మాట ఎదురాడలేదు. వారం తిరక్కుండా పెళ్లాం రాజేశ్వరిని తీసుకుని షోలాపూర్ పవర్లూమ్‌లకు వెళ్లిపోయాడు.

రెండేళ్ల తర్వాత ఒక పొద్దున సారంగపాణి సైకిల్ తోసుకుంటూ నా కొట్టుకు వచ్చి, రెండు టైర్లూ మార్చమన్నాడు. అప్పుడు చెప్పాడు ఇదంతా.

"ఆ సగం నాది ఉప్పలయ్యా. వానితోని ఆ మాట చెప్పి, ఇంటికి తోల్కొస్త."

"రైళ్లు లేవు, బస్సుల్ల కాలు పెట్ట సందు లేదు. సమ్మె అయిపోయినంక పోరాదు బావా?"

"ఇయ్యాల ధైర్యమున్నది. అప్పటిదాక ఉంటదో లేదో."

నేను టైర్లు మార్చి, పంపు, సొల్యూషన్, ప్యాచీలు ఇచ్చి పంపాను. ఆరు రోజులు తొక్కాడు. అక్కడ నాలుగు రోజులున్నాడు. మళ్లీ ఆరు రోజులు తొక్కి ఒక్కడే వచ్చాడు.

ఆ తర్వాత సారంగపాణి పెద్ద మనిషి అయిపోయాడు. ఎవరు టీ తాగించినా ఆ ప్రయాణం చెప్పాల్సిందే. జహీరాబాద్ దాటాక వడగాడ్పుకు చింతచెట్టు కింద పడిపోవడం, హుమ్నాబాద్‌లో కుక్కలు తరమడం, నల్‌దుర్గ్ ఎక్కుడులో సైకిల్‌ను మోసినంత పని కావడం, అన్నీ వరసగా చెప్పేవాడు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు వచ్చి విన్నారు. సుబేదారిలో ఎవరో పిలిచి శాలువా కూడా కప్పారు. టైర్లు నావే కదా, నేనూ కాలర్ ఎగరేసుకుని తిరిగాను. ఆ కథ మాత్రం ఎప్పుడూ "అట్ల షోలాపూర్ చేరిన" దగ్గరే ఆగేది. బీడీ ముట్టించుకునేవాడు. అక్కడ ఏం జరిగిందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నేను ఒక్కసారి అడిగాను. "చెప్పినవా బావా?"

"ఆ, మాట్లాడుకున్నం. వానికక్కడ మంచిగనే ఉన్నది" అన్నాడు. సరే, మనసులో బరువు దించుకున్నాడు పాపం అనుకుని ఊరుకున్నాను.

ఎనభై ఒకటిలో టెలిగ్రాం వచ్చింది. వెంకట్రాజం ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సారంగపాణి ఈసారి రైలెక్కి వెళ్లి, పదకొండో దినం అయ్యాక వచ్చాడు. మధ్యాహ్నం నా కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆనాడు నేను చెప్పలే ఉప్పలయ్యా" అన్నాడు.

నేను చేతిలో ట్యూబు కింద పెట్టాను.

"వానింటికి పోంగనే మంచమేసి, నా కాళ్లకు నూనె రాసిండు. 'ఎట్లొచ్చినవే అన్నా' అన్నడు. తొవ్వ సంగతి మొదలుపెట్టిన. వాడు నవ్వుకుంట ఇంటాండు. పక్కింటోళ్లొచ్చిన్రు, వాళ్లకు మళ్ల చెప్పిన. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటనే నాలుగు దినాలు పోయినయి. సైకిల్ ముచ్చట తప్ప నా నోట్లెకెళ్లి ఇంకోటి ఎల్లలే. నేను తిరిగొచ్చే దినం ఊరవతలి దాక సైకిల్ పట్టుకొని నాతోని నడిచిండు. 'అన్నా, గింత ఎండల ఊకెనే రావు నువ్వు. ఏమన్న చెప్పేదున్నదా?' అన్నడు. 'ఏం లేదురా, నిన్ను చూసిపోదామని' అన్న."

తమ్ముడే అంత తేలిక చేసి ముందర పెడితే ఈ మనిషి నోరు పెగల్లేదు. నాకు కోపం వచ్చింది. పట్టుకుని దులిపేద్దామనుకున్నాను. ఏం మొహం పెట్టుకుని దులుపుతాను? ఆరు దినాలు తొక్కి వచ్చినవాడిని పంక్చర్ల లెక్క అడిగిన మొనగాణ్ని నేనే కదా. "తమ్ముడేమన్నడు బావా" అని ఆ రోజే అడిగి ఉంటే, నాలుగు తిట్టి మర్నాడే రైలెక్కించేవాణ్ని. అప్పటికి రైళ్లు నడుస్తున్నాయి, తమ్ముడు పోవడానికి ఇంకా ఏడేళ్ల టైముంది.

"తిరిగొచ్చేటప్పుడు తొవ్వంత ఆ మాట గట్టిగ అనుకుంట తొక్కిన" అన్నాడు సారంగపాణి. "తప్పు నాదిరా, తప్పు నాదిరా అని. ఒక్కణ్నే ఉంటే ఎంత మంచిగ వచ్చిందో."

"రాజేశ్వరికన్న చెప్పినవా?"

"చెప్దామనే కూసున్న. నేను నోరు తెరువకముందే ఆమెనే అన్నది."

ఆయన బీడీ తీశాడు, ముట్టించలేదు. ఆమె అన్న మాటలే చెప్పాడు.

"'మళ్ల మన ఊరికి పోయి మగ్గం మీద కూసుందాం అంటే ఇనకపాయె బావా' అన్నది. 'నా చెయ్యి మంచిది కాదు, మిషను కాడైతే దెబ్బ మిషనే కొడ్తది అనేటోడు. ఏమో, మీ అన్ననే పొరపాటు పడ్డడేమో అని ఒకనాడన్న. తినే పల్లెం నూకేసిండు. మా అన్న నా మీద అబద్ధమాడడు అన్నడు' అని చెప్పింది."

అంతవరకు చెప్పి సారంగపాణి పట్టపగలు, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా ఏడ్చాడు. ఆయన భుజం మీద చెయ్యి వేయడానికి కూడా నాకు చేత కాలేదు.