పైపుకు పూసిన పసుపు

చనిపోయిన రోజు పొద్దున కూడా గంగాధరప్ప ఎప్పటి పనే చేశాడు. కొబ్బరిపీచు, చెంబెడు నీళ్లు తీసుకొని పోయి, చింతామణి ఫైర్ స్టేషన్ దారిలో తాను నిలబెట్టించిన రాతికి అంటిన పసుపంతా కడిగాడు. ఇంటికొచ్చి పచ్చబడిన వేళ్లు భార్యకు చూపించాడు.

"ఈ ఊరి ఆడోళ్లకు దండం పెట్టల్ల అక్కయమ్మా. పామేదో పైపేదో తెలీదు."

"చెక్కినోనికే తెలీకపాయ, మొక్కేటోళ్లను అంటావేల?" అంది అక్కయమ్మ.

ఆమె మాటలో అబద్ధం లేదు. గంగాధరప్ప ఉద్యోగమంతా ఫైరింజను నడిపాడు. శిడ్లఘట్టలో పట్టు తీసే షెడ్డు అంటుకున్నప్పుడు, అతను బండిలోంచి దింపిన ఇద్దరు ఫైర్‌మన్లు, బయ్యప్ప, మునికృష్ణప్ప, మీద గోడ కూలి మళ్లీ బండెక్కలేదు. రిటైరయ్యాక వాళ్ల పేర్లు ఊరు మరిచిపోతుందన్న దిగులు అతన్ని పట్టుకుంది. ఫ్లెక్సీ కట్టిద్దామన్నారు తోటివాళ్లు. అతను ఒప్పుకోలేదు.

"మండికల్ చేలల్లో వీరగల్లు చూడల్యా? ఆవుల కోసం సచ్చినోనికి ఇంకా రాయి ఉండాది. మనుషుల కోసం సచ్చినోళ్లకు గుడ్డ కడతారా?"

రాయి చెక్కే పిళ్ళప్ప పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దేవుళ్లను, నాగరాళ్లను తప్ప మరొకటి చెక్కి ఎరగడు. ఇద్దరికీ హెల్మెట్లు పెట్టాడు, కోరమీసాలు కూడా తిప్పాడు.

"బయ్యప్పకు మీసం యాడిదప్పా?"

"వీరునికి మీసం ల్యాకుంటే రాయి ఒప్పుకోదన్నా."

కాళ్ల దగ్గర చుట్టిన పైపు దగ్గరికి వచ్చేసరికి చేతి అలవాటు పనిచేసింది. చుట్ట మీద చుట్ట వేసి, పైపు మూతిని పడగలా లేపాడు. రాయి నిలబెట్టిన వారానికే నాగర పంచమి. ఇంకేముంది, పాలు, పసుపు, కుంకుమ.

"అది పైపమ్మా" అని గంగాధరప్ప మొత్తుకుంటే, ఒకావిడ నిదానంగా పాలు పోసి, "ఉండనీలేప్పా, సల్లగా ఉంటాది" అంది.

అప్పటినుంచీ అతనికి రోజూ ఇదే పని. కడగడం, ఆడవాళ్లను తిట్టుకోవడం. ఇంట్లో అక్కయమ్మకు వేరే తగువు. పసుపు డబ్బా ఊరికే ఖాళీ అవుతోంది.

"కూరకు వేస్తాండావా, గోడకు పూస్తాండావా?" అని కోడలు వినుతను సాధించేది. వినుత మూతి ముడుచుకునేది. గంగాధరప్ప తల వంచుకొని ముద్ద మింగేవాడు.

కర్మలన్నీ ముగిశాక అక్కయమ్మ పీచు, చెంబు పట్టుకొని రాతి దగ్గరికి పోయింది. కడగడానికి అక్కడేమీ లేదు. రాయి దుమ్ము పట్టి ఉంది. జనం దాని పక్కనుంచే నడిచిపోతున్నారు.

"ఆడోళ్లు పసుపు పూయడం మానుకున్న్యారా?" అని ఎదురుగా పూలమ్మే కాంచనను అడిగింది.

"వాళ్లు ఎప్పుడో మానుకున్న్యారు పెద్దమ్మా. పైపని తెలిసినాక ఎవురు పూస్తారు?"

"మరి ఆయన రోజూ కడిగేది?"

కాంచన చేతిలో మాల ఆగింది.

"నీకు తెలీదా? సాయంత్రం పెద్దయ్యే పూసి పోతాండె. పొద్దున వచ్చి కడుగుతాండె. కడుగుతాంటే దారిన పోయేటోళ్లు నిలబడి, ఇది యే దేవుడప్పా అని అడుగుతారు కదా. అప్పుడు ఇద్దరి పేర్లూ చెప్తాండె. పసుపు మాత్రం ఇంటినుంచే పొట్లం కట్టుకొస్తాండె."