గోధుమల ఊరు కోరిన నర్సు

2001లో నేను సింగపూర్‌లో పాయా లేబర్ అనే పేటలోని ఒక వలస సలహా సంస్థలో సీనియర్ కేస్ ఆఫీసర్‌ని. సింగపూర్‌లో పనిచేసేవాళ్ళకు ఆస్ట్రేలియా వీసా దరఖాస్తులు సిద్ధం చేయడం మా పని. నా వంతుకు ‘ప్రాంతీయ’ కేసులు వచ్చేవి. మనుషులు తగ్గిపోతున్న చిన్న ఊళ్ళలో ఏదైనా సంస్థ, స్థానికంగా ఎవరూ దొరకడం లేదని చూపించి, బయటి దేశపు నిపుణుణ్ణి పిలిపించుకునే మార్గం అది. ఒప్పందకాలమంతా అక్కడే పనిచేయాలి. కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళవచ్చు.

డాట్‌కామ్ కంపెనీలు వెలిగినంత కాలం మన కుర్రాళ్ళు ఈ మార్గాన్ని కన్నెత్తి చూడలేదు. “సిడ్నీ ఉంటే చెప్పండి అంకుల్, ఆ పొలాల్లో మేమేం చేస్తాం!” అనేవారు. సైన్స్ పార్క్‌లో ఆఫీసులకు తాళాలు పడ్డాక వాళ్ళే వచ్చి నా గది ముందు కుర్చీలు ‘చోప్’ చేసుకుని, అంటే సింగపూర్ వాడుకలో ముందే పట్టిపెట్టుకుని, కూర్చునేవారు. చాలామందిని తిప్పి పంపాల్సి వచ్చింది. ఆ ఊళ్ళు అడుగుతున్నది నర్సులను, మెకానిక్కులను. ప్రోగ్రామర్లతో వాటికి పనిలేదు.

చీరాల వైపు నుంచి వచ్చిన సుధాకర్ కూడా ప్రోగ్రామరే. అయితే అతని భార్య పద్మ నర్సు. సుధాకర్ ఉద్యోగం పోవడంతో సింగపూర్‌లో ఉండనిచ్చే అతని వర్క్ పాస్, దాని మీద ఉన్న కూతురి పాస్ రెండూ రద్దు కాబోతున్నాయి. పద్మకు సొంత పాస్ ఉంది గాని, ఆమె జీతానికి దాని మీద కుటుంబాన్ని ఉంచుకునే వీల్లేదు. ముగ్గురూ ఒకే కప్పు కింద ఉండాలంటే వేరే దేశం చూసుకోవాల్సిందే.

కూతురు లహరికి ఆరేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్ల. మొదటిరోజే నా టేబుల్ కిందికి దూరి నా చెప్పులు తొడుక్కుని గదంతా తిరిగింది. ఆ నడక చూసి నవ్వుతూనే తల్లిదండ్రులకు చెప్పాల్సింది చెప్పాను. ఈ వీసాలో ఒకరు వైద్య పరీక్ష తప్పితే ఇంటిల్లిపాదీ తప్పినట్టే. పాపను ఇండియాలో ఉంచి వెళ్తామన్నా తనకూ పరీక్ష తప్పదు.

“దానికి జలుబు కూడా చేయదండీ,” అన్నాడు సుధాకర్. మనవాళ్ళు తరచూ చేసే పొరపాటిది. వైద్య పరీక్ష అంటే క్షయ లాంటి అంటురోగాల కోసమే అనుకుంటారు. పద్మ అలా అనుకోలేదు.  “అయినా ట్రై చేద్దాం అంకుల్. ఇక్కడుంటే ఎటూ విడిపోవాల్సిందేగా,” అంది.

గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక చిన్న ఆసుపత్రి మా కబురుకు వెంటనే స్పందించింది. అక్కడి మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్ద, ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసింది. పద్మ పాప సంగతి తనే చెప్పింది. దాచమని నేనూ అనలేదు. మేట్రన్ మాత్రం, మా బడిలో పిల్లలు లేక తరగతులు కలిపేస్తున్నాం, పాప వస్తే టీచరు ఎగిరి గంతేస్తుంది అంది. ఇల్లు చూసి ఉంచుతామంది. ఫోన్ పెట్టేశాక సుధాకర్ మొహం కడుక్కొస్తానని బయటికి వెళ్ళి చాలాసేపటికి గాని తిరిగి రాలేదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వం గుర్తించిన సింగపూర్ క్లినిక్‌లో పరీక్షలు జరిగాయి. ఆ నివేదికలు ఆస్ట్రేలియా వైద్యాధికారి దగ్గరికి వెళ్తాయి. ఆయన లహరిని చూడడు. అదే స్థితిలో ఉన్న ఏ పిల్లకైనా జీవితకాలంలో దేశానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేస్తాడు; అది పరిమితి దాటితే పరీక్ష తప్పినట్టే. ఈ కుటుంబం ఆ సేవలు వాడుకుంటుందా లేదా అన్నది ఆయనకు అనవసరం. నిర్ణయానికి ముందు మా వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చారు. పాప బాధ్యత ఊరంతా పంచుకుంటుందని మేట్రన్ రాసింది, బడి టీచరు రాసింది. నిబంధనలో అలాంటి హామీకి చోటు లేదు. దరఖాస్తు తిరస్కరించారు. నా ఉద్యోగంలో తిరస్కరణలు కొత్త కాదు గాని, ఆ కబురు మేట్రన్‌కు ఉత్తరంతో సరిపెట్టకుండా ఫోన్ చేసి చెప్పాను. మా ఊరు తమ దేశంలో లేదనుకుంటున్నారేమో వాళ్ళు అని, వెంటనే క్షమించమని, ఫోన్ పెట్టేసింది ఆవిడ.

సుధాకర్ గడువు లోపలే పాపను తీసుకుని చీరాల వెళ్ళిపోయాడు. పద్మ ఫ్లాట్ ఖాళీ చేసి నర్సుల హాస్టల్‌లో చేరింది. ఒక మధ్యాహ్నం యూనిఫాంలోనే వచ్చి తన ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంది. లహరి అన్నం తినకుండా మొండికేస్తోందట, నాన్న పెడితే కూడా తినడం లేదట. వెళ్ళబోతూ ఆగింది.

“అంకుల్, నాకు పిల్లలే లేకపోతే ఈ వీసా వచ్చేదా?”

వచ్చేదన్నాను. వచ్చేది కాదని అబద్ధం చెప్పగలిగేవాణ్ణే. కాని నర్సుకు ఆ అబద్ధం తెలిసిపోతుంది. ఆమె తల ఊపి, సంచీ భుజానికి తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఊరు రమ్మనడం వేరు, దేశం రానివ్వడం వేరు. ఆ తర్వాత నా గదికి వచ్చిన ప్రతి కుటుంబానికీ ముందుగా ఆ మాటే చెప్పాను. విన్నవాళ్ళలో ఎవరూ తమ పిల్లల వైపు చూడకుండా లేరు.