నా ముందే నా కోసం ఏడ్చారు

మాది మొగుళ్లపల్లి. నాకు నలభై రెండేళ్లప్పుడు నెలసరి తప్పుతోందని భూపాలపల్లిలో స్కానింగ్ తీయించుకున్నాను. గర్భసంచి ముఖద్వారం దగ్గర గడ్డలున్నాయని రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మకు చూపించకముందే మా ఆయన చుట్టాలందరికీ ఫోన్లు చేసి క్యాన్సరని చెప్పేశాడు.

మర్నాడు డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది. "గ్రంథులల్ల జిగురు నిండి చిన్న బుడగలైనయమ్మా. ఇవి క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గ మారవు. కానీ ముప్పై దాటిన ఆడోళ్లంత గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష చేయించుకోవాలె" అని, అదీ అప్పుడే చేసి బాగుందని చెప్పింది.

సంతోషంగా ఇంటికొచ్చేసరికి కాటారం నుంచి మా చిన్నమ్మ దిగింది. నన్ను చూడగానే మెడ కావలించుకుని, "బంగారమసొంటి బిడ్డవు, ఎన్నడన్న ఎదురు మాట్లాడితివా!" అని శోకమెత్తుకుంది.

"నాకేం కాలే చిన్నమ్మా!"

"జర ఆగు బిడ్డా, యాదికొచ్చినయన్ని జెప్పుకోనియ్యి."

వాడకట్టు ఆడవాళ్లంతా చేరి, నాకే తెలియని నా మంచి గుణాలు తలుచుకుని ఏడ్చారు. కాస్త తెరిపివ్వగానే చిన్నమ్మను అడిగాను.

"నువ్వెప్పుడన్న పరీక్ష జేయించుకున్నవా?"

చిన్నమ్మ ఏడుపు టక్కున ఆగింది. "నాకెందుకే? నాకు భయం!"

మర్నాడు పొద్దున్నే చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకుపోయాను. కాసేపటికే బయటికొచ్చి, "గింతేనా?" అంది.

లేని జబ్బుకు ఏడవడానికి అందరం పరుగెత్తుతాం, ఉందో లేదో చూపించుకోవడానికే కాళ్లు రావు.